రొయ్యల చెరువు మీద యూడబ్ల్యూబీ: యాంటెన్నా పని డైరీ

కార్తీకం: పని ఏమిటంటే

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మా బాబాయికి రెండెకరాల వనామి చెరువు ఉంది. రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ మేత చెరువంతా సమానంగా పడుతోందా, తెప్ప మీద వెళ్లే కుర్రాడు దగ్గరి మూలలోనే గుమ్మరించి వచ్చేస్తున్నాడా అన్నది గట్టు మీద కూర్చున్నవాళ్లకు తెలీదు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూస్తే తెలిసేది ఆ ట్రే ఉన్న చోటి సంగతే.

"సెల్లులో జీపీఎస్ ఉంటుంది కదరా, అది కట్టెయ్ తెప్పకి" అన్నాడు బాబాయ్. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూఇటూ చూపించడం మామూలే. మేత వరసకీ వరసకీ మధ్య ఉండే ఎడమే అంత. తెప్ప ఏ వరసలో ఉందో దానితో తేలదు.

అల్ట్రా వైడ్‌బ్యాండ్ (యూడబ్ల్యూబీ, చాలా వెడల్పు పౌనఃపున్య పట్టీని వాడే రేడియో) అయితే తేలుతుంది. సన్నటి పల్స్ పంపి, అది వెళ్లి జవాబు వచ్చేసరికి పట్టిన కాలాన్ని కొలవడమే దీని పద్ధతి. రేడియో తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వెళుతుంది. ఇప్పుడు దొరికే డీడబ్ల్యూ3000 రకం చిప్పు ఆ కాలాన్ని 15.65 పికోసెకన్ల మెట్లలో లెక్కపెడుతుంది. ఆచరణలో పది సెంటీమీటర్ల తేడాలో దూరం తెలుస్తుంది. చెరువు నాలుగు మూలలా నాలుగు యాంకర్లు (కదలకుండా ఉండే రేడియోలు), తెప్ప మీద ఒక ట్యాగు (వాటితో దూరం కొలిచే రేడియో). చిప్పు, బోర్డు, ప్రోగ్రాము అన్నీ బజారులో దొరుకుతాయి. నేను చేయాల్సింది యాంటెన్నా.

అదొక్కటీ ఎందుకు కొనలేదంటే, శక్తి బొత్తిగా చాలదు కాబట్టి. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2002 ఫిబ్రవరిలో 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ వరకు ఈ వాడకానికి వదిలిపెట్టింది కానీ, మెగాహెర్ట్జ్‌కు మైనస్ 41.3 డీబీఎం (సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాటు, మైనస్ పది అంటే అందులో పదో వంతు) దాటకూడదని కట్టుబాటు పెట్టింది. మిగతా దేశాల నిబంధనల్లోనూ ఆ అంకె కనిపిస్తుంది. మొత్తం 7.5 గిగాహెర్ట్జ్ వాడుకున్నా అర మిల్లీవాటు పైచిలుకు. మన చిప్పు ఒకసారికి వాడేది 500 మెగాహెర్ట్జ్ చానల్, అంటే మైనస్ 14.3 డీబీఎం. 65 మీటర్ల దూరానికి 6.5 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోనే 85 డీబీ (పది డీబీ పోతే శక్తి పదో వంతు అవుతుంది) పోతుంది. అవతలికి చేరేది మైనస్ 99. రిసీవరు వినగలిగే హద్దుకు అది బాగా దగ్గర. ఇలాంటి చోట యాంటెన్నాలో రెండు డీబీ పోతే చెరువులో ఒక మూల పోయినట్టే. మాడ్యూలు మీద అతికించి వచ్చే బుల్లి యాంటెన్నా గదిలోకి చాలు, గట్టు మీదకు చాలదు.

అదే నెల: కాగితం మీద

చిప్పు వాడేది రెండు చానళ్లు. 5వ చానల్ 6489.6 మెగాహెర్ట్జ్ మీద, 9వది 7987.2 మీద. రెండూ ఒకే యాంటెన్నాతో నడవాలి. మామూలు ప్యాచ్ యాంటెన్నా ఇందుకు పనికిరాదు, అది పనిచేసే పౌనఃపున్యాల వెడల్పు రెండు మూడు శాతమే. యూడబ్ల్యూబీ అనిపించుకోవాలంటే మధ్య పౌనఃపున్యంలో 20 శాతమైనా, లేదా 500 మెగాహెర్ట్జ్ అయినా ఉండాలి.

ఎంచుకున్నది గుండ్రటి డిస్క్ మోనోపోల్. బోర్డుకు ఒక వైపు రాగి బిళ్ల, దానికి సన్నటి ఫీడు గీత, వెనక వైపు కింది భాగంలో మాత్రమే గ్రౌండు. ముంబై నుంచి అగర్వాల్, గిరీష్ కుమార్, రే 1998లో రాసిన పేపరు చదివితే దీనికి సిమ్యులేటరు లేకుండానే మొదటి లెక్క వచ్చేస్తుంది. బిళ్లను అదే ఎత్తు, అదే వైశాల్యం ఉన్న స్తంభంగా ఊహించుకోవాలి. దాని ఎత్తు, వ్యాసార్థం, ఫీడు దగ్గరి ఖాళీ, ఈ మూడూ సెంటీమీటర్లలో కలిపి 7.2ను దానితో భాగిస్తే యాంటెన్నా పని మొదలుపెట్టే అడుగు పౌనఃపున్యం గిగాహెర్ట్జ్‌లో వస్తుంది. ఎఫ్‌ఆర్4 బోర్డు (గాజునారతో చేసే మామూలు సర్క్యూట్ బోర్డు) మీద ముద్రిస్తే కూడికను ముందు 1.15తో హెచ్చించాలి.

మా బిళ్ల వ్యాసార్థం 10 మిల్లీమీటర్లు. ఎత్తు 2 సెం.మీ., స్తంభం వ్యాసార్థం 0.25, ఖాళీ 0.04. కలిపితే 2.29, హెచ్చిస్తే 2.63. అడుగు 2.73 గిగాహెర్ట్జ్. మాకు కావలసింది 6.2 నుంచి 8.3 వరకే కదా, ఇంత కిందికి ఎందుకని కాలేజీలో నా దగ్గర ఈ ప్రాజెక్టు చేస్తున్న ఫైనలియర్ అమ్మాయి అడిగింది. పాత డీడబ్ల్యూ1000 మాడ్యూళ్లు 3.5 నుంచి మొదలవుతాయి, ల్యాబులో అవీ ఉన్నాయి. పైగా బిళ్లలో వెడల్పు ఊరికే వస్తుంది. బిళ్ల అంచుకీ గ్రౌండు అంచుకీ మధ్య ఖాళీ ఫీడు దగ్గర సన్నగా మొదలై, పక్కలకు పోయేకొద్దీ మెల్లగా తెరుచుకుంటుంది. ఒక్కో పౌనఃపున్యం తనకు అనువైన చోట గాలిలోకి జారుకుంటుంది. ఎక్కడా మెట్టు లేదు కాబట్టి ఎక్కడా వెనక్కి తన్నదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ 1898 పేటెంటులోనే శంకువుల జంట బొమ్మలు గీశాడు. స్పార్కుతో పుట్టే తరంగం ఎలాగూ వెడల్పే, అప్పటి యాంటెన్నాలూ వెడల్పే. తరవాత రేడియోలు సన్నటి స్టేషన్లకు మళ్లాక ఎవరికీ వెడల్పు అక్కర్లేకపోయింది. టీవీ వచ్చాక మళ్లీ కావాల్సొచ్చింది. 1950లలో స్పైరల్, లాగ్ పీరియాడిక్ రకాలు వచ్చాయి. పౌనఃపున్యం ఎంత మారినా చలించని యాంటెన్నాలని వాటికి పేరు. కానీ పల్సుల పనికి అవి వద్దు. వాటిలో ఒక్కో పౌనఃపున్యం ఒక్కో చోటి నుంచి బయలుదేరుతుంది, అందువల్ల సన్నటి పల్స్ సాగిపోయి బయటికొస్తుంది. కాలం కొలిచి దూరం చెప్పే పనిలో అది పనికిమాలిన గుణం. బిళ్లలోనూ, శంకువులోనూ ఆ గొడవ తక్కువ.

బోర్డు

1.6 మిల్లీమీటర్ల ఎఫ్‌ఆర్4, రెండు వైపులా రాగి. ఫీడు గీత వెడల్పు 3 మిల్లీమీటర్లు, అంటే 50 ఓమ్‌లు. లేజర్ ప్రింటు తీసి, ఇస్త్రీ పెట్టెతో టోనరు ఎక్కించి, ఫెర్రిక్ క్లోరైడులో కడిగాం. డబ్బాను వేడినీళ్ల పళ్లెంలో పెట్టి ఊపుతూ ఉంటే కార్తీకం చలిలోనూ పని త్వరగా అవుతుంది.

ఈ బోర్డులో ప్రాణమంతా ఆ 0.4 మిల్లీమీటర్ల ఖాళీలో ఉంది. బిళ్ల వ్యాసార్థం పావు మిల్లీమీటరు తేడా వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. ఖాళీ అంత మారితే మాత్రం పై పౌనఃపున్యాల్లో గ్రాఫు గుర్తుపట్టలేం. రెండు వైపుల ప్రింట్లు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవాలి కాబట్టి ముందు మూలల్లో సన్నటి రంధ్రాలు వేసి, గుండుసూదులు గుచ్చి కాగితాలు అమర్చాం.

బిళ్ల మధ్యలో 3 మిల్లీమీటర్ల రంధ్రం కూడా వేశాం, నైలాన్ స్క్రూతో డబ్బాకు బిగించడానికి. చూసినవాళ్లు అయ్యో అన్నారు. విద్యుత్తు నడిచేది బిళ్ల అంచు వెంబడే, మధ్యలో దాదాపు ఏమీ లేదు. రంధ్రానికి ముందూ తరవాతా గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెడితే గీత మందంలో కలిసిపోయాయి.

వాడేసిన ఫెర్రిక్ క్లోరైడును మూత గట్టిగా ఉన్న క్యానులో దాస్తున్నాం. మా ఊళ్లో ఏది మిగిలినా కాలవలో పోసే అలవాటు ఉంది. ఈ నీళ్లలో కరిగిన రాగి ఉంటుంది, రాగి రొయ్యకీ చేపకీ విషం. బాబాయ్ చెరువుకే కాదు, కింద ఉన్న ప్రతి చెరువుకూ ఆ నీళ్లే.

కొలత

యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో గ్రాఫు గీసి చూపే, చేతిలో ఇమిడే లైట్‌వీఎన్‌ఏ 6.3 గిగాహెర్ట్జ్ దాకా చూస్తుంది. మా మొదటి చానల్ 6.24 దగ్గర మొదలవుతుంది. అంటే గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలేస్తుందన్నమాట. అయినా కింది భాగం చూసుకోవడానికి అది చాలు. మైనస్ 10 డీబీ గీత కిందికి గ్రాఫు 2.8 దగ్గర దిగింది. లెక్క చెప్పినది 2.73.

కానీ కేబులును చేత్తో పట్టుకుంటే 4 గిగాహెర్ట్జ్ లోపల గ్రాఫు కదిలిపోతోంది. గ్రౌండు చిన్నది కాబట్టి విద్యుత్తు కేబులు తొడుగు మీదికి పాకుతుంది, కేబులు కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. కనెక్టరు దగ్గర ఫెర్రైట్ పూసలు ఎక్కిస్తే తగ్గింది. ఆరు దాటాక ఈ బాధ పెద్దగా లేదు, మన చెరువు పనికి నష్టం లేదు. చిన్న బోర్డు యాంటెన్నాకు 3 గిగాహెర్ట్జ్ దగ్గర అద్భుతమైన గ్రాఫు ఎవరైనా చూపిస్తే మాత్రం కేబులు ఎంత పొడుగుందో అడగాలి.

పై భాగం కాలేజీ ల్యాబులోని 14 గిగాహెర్ట్జ్ ఎనలైజరు మీద చూశాం. 7 నుంచి 8 మధ్య గ్రాఫు లేచి మైనస్ 8.5 దగ్గర నిలబడింది, 9వ చానల్ మొదలయ్యే చోటనే. ఫీడు గీత కింద గ్రౌండు పై అంచులో 3.5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 లోతు చిన్న గంటు పెడితే మైనస్ 13కు దిగింది. ఈ గంటు చాలామంది డిజైన్లలో కనిపిస్తుంది. ఫీడు దగ్గర బిళ్లకీ గ్రౌండుకీ మధ్య కెపాసిటన్స్ తగ్గించడమే దాని పని.

ఇక్కడ ఒక మాట. ఎస్11 గ్రాఫు, అంటే ఈ వెనక్కి వచ్చే శక్తి గ్రాఫు, చూసి యాంటెన్నా బాగుందనుకోవడం మన ప్రాజెక్టు రిపోర్టుల్లో పెద్ద జబ్బు. మైనస్ 10 డీబీ అంటే పదో వంతు మాత్రమే వెనక్కి వచ్చిందని. మిగతాది గాలిలోకే వెళ్లిందని అది చెప్పదు. 50 ఓమ్‌ల రెసిస్టరు తగిలించి చూడండి, అంతకన్నా అందమైన గ్రాఫు ఏ యాంటెన్నాకూ రాదు. ఎఫ్‌ఆర్4 స్వయంగా కొంత తింటుంది, దాని లాస్ టాంజెంట్ (ఎంత తింటుందో చెప్పే అంకె) 0.02 దాకా ఉంటుంది. తిన్నది కూడా గ్రాఫులో మంచిగానే కనిపిస్తుంది.

అందుకని ఒకేలాంటి బోర్డులు రెండు కాలేజీ డాబా మీద మీటరు ఎడంగా ఎదురెదురుగా నిలబెట్టి, అటు నుంచి ఇటు ఎంత చేరుతోందో కొలిచాం. 6.5 గిగాహెర్ట్జ్‌కు ఖాళీ గాలిలో మీటరులో 48.7 డీబీ పోవాలి. మాకు పోయింది 44 పైచిలుకు. ఒక్కో యాంటెన్నా రెండు డీబీ పైన ఇస్తోందన్నమాట. డాబా కాబట్టి నేల నుంచి వచ్చే ప్రతిఫలనం కొంత కలిసే ఉంటుంది. అయినా ఈ అంకె మీద నాకు ఎస్11 కన్నా ఎక్కువ నమ్మకం.

మార్గశిరం: నీళ్లు ఏం చేస్తాయి

యాంకరు నీటి మట్టానికి మీటరున్నర ఎత్తున, తెప్ప మీది ట్యాగు మీటరు ఎత్తున. కావాలనే మొదట బోర్డులను పక్కకు తిప్పి అడ్డంగా పెట్టి, మొహాలు ఎదురెదురుగా ఉంచి, 5వ చానల్ మీద పరీక్ష పెట్టాం. కుర్రాడు తాడు పట్టుకుని తెప్పను గట్టు నుంచి తిన్నగా దూరం జరుపుతున్నాడు. దూరాలు చక్కగా వస్తూ వస్తూ 22 మీటర్ల దగ్గర చటుక్కున ఆగాయి. ఇంకొంచెం జరిగితే మళ్లీ వచ్చాయి. 32 దగ్గర మళ్లీ పోయాయి. 65 దగ్గర పోయి, ఈసారి చాలా దూరం దాకా రాలేదు.

"ఆయ్, నేనేం చెయ్యి అడ్డం పెట్టలేదండి" అన్నాడు కుర్రాడు.

పెట్టింది చెరువు. ట్యాగు నుంచి యాంకరుకు నేరుగా వచ్చే తరంగం ఒకటి, నీటి మీద పడి లేచి వచ్చేది ఒకటి. ఆ రెండు దారుల తేడా ఎంతంటే, రెండు ఎత్తులనూ గుణించి, రెట్టింపు చేసి, మధ్య దూరంతో భాగించాలి. అడ్డంగా ధ్రువీకరించిన తరంగం, అంటే విద్యుత్ క్షేత్రం అడ్డంగా ఊగే తరంగం, నీటిమీద అంత ఏటవాలుగా పడితే దాదాపు మొత్తం తిరిగి లేస్తుంది, పైగా తలకిందులై లేస్తుంది. దారుల తేడా సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యమో, రెండో, మూడో అయినచోట రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. 5వ చానల్ తరంగదైర్ఘ్యం 4.62 సెంటీమీటర్లు. లెక్క కడితే 65, 32.5, 21.6 మీటర్లు. తెప్ప ఆగిన చోట్లు అవే.

యూడబ్ల్యూబీకి ప్రతిధ్వనుల బెడద లేదని ప్రతి పుస్తకమూ చెబుతుంది. గదిలో నిజమే. గోడకు కొట్టుకుని వచ్చే పల్స్ మీటర్ల ఆలస్యంతో వస్తుంది, దాన్ని విడదీసి పారేయొచ్చు. చెరువు మీద 65 మీటర్ల దూరంలో రెండు దారుల తేడా నాలుగున్నర సెంటీమీటర్లు. 500 మెగాహెర్ట్జ్ వెడల్పుతో విడదీయగలిగేది 60 సెంటీమీటర్ల తేడాని. 3.1 నుంచి 10.6 దాకా మొత్తం ఒకే పల్సులో వాడితే 4 సెంటీమీటర్లను విడదీయొచ్చు, కానీ అలాంటి చిప్పు మన బడ్జెట్లో లేదు. ఈ చెరువు మీద మన యూడబ్ల్యూబీ పల్స్ మామూలు సన్న రేడియోలాగే గుంటల్లో, అంటే సిగ్నల్ చచ్చిపోయే చోట్లలో, పడుతుంది.

నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగితే అలలకు ఆ అద్దం చెదిరిపోతుందేమో అనుకున్నాం, వేసి చూశాం. 22 దగ్గరి గుంట కాస్త పూడింది, 65 దగ్గరిది అలాగే ఉంది. అంత దూరంలో తరంగం నీటిని తాకే కోణం రెండు డిగ్రీల పైచిలుకే. ఆ కోణానికి 15 సెంటీమీటర్ల అల లేస్తే గానీ నీళ్లు గరుకుగా కనిపించవు. చెరువులో అంత అల తుపానుకు తప్ప లేవదు.

అదే వారం: నిలబెడితే

బోర్డులు నిలువుగా పెట్టాం. మిగతా అంతా అలాగే. 22 దగ్గర గుంట మాయం. 32 దగ్గర ఉందో లేదో తెలీనంత. 65 దగ్గర మాత్రం ఉంది, కానీ దూరాలు పూర్తిగా ఆగిపోలేదు, నాలుగింట ఒకటి రెండు వస్తున్నాయి.

నిలువు ధ్రువీకరణకు నీళ్లు మంచి అద్దం కాదు. ఆరేడు డిగ్రీల కోణం దగ్గర, అంటే బ్రూస్టర్ కోణం దగ్గర, తిరిగి లేచేది దాదాపు సున్నా. మా ఎత్తులకు ఆ కోణం సుమారు 21 మీటర్ల దూరంలో వస్తుంది. 32 మీటర్ల దగ్గర ఐదో వంతు లేస్తుంది, రెండు డీబీల నష్టం. 65 దగ్గర సగం లేస్తుంది, ఆరు డీబీలు. చెరువు మీద పెట్టే ఏ యాంటెన్నా అయినా నిలువుగా పెట్టాలి. ఇది గట్టున ఉన్న సీసీ కెమెరా రేడియోకు కూడా వర్తిస్తుంది.

ఆ కెమెరా రేడియో సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను. 5.8 గిగాహెర్ట్జ్ మీద నడిచే ఆ డబ్బా మా ఒక యాంకరు పక్కనే ఉంది, రిసీవరు దానివల్ల మందగిస్తోంది. బిళ్లలో యూ ఆకారపు గాడి కోసి ఆ బ్యాండును మూసేయడం పేపర్లలో బాగా పేరున్న పద్ధతి. ఎఫ్‌ఆర్4 మీద గాడి పొడవు 15.7 మిల్లీమీటర్లు వస్తుంది. కోశాం, మూసింది. కానీ ఎఫ్‌ఆర్4 మీద ఆ మూత పదునుగా పడదు, 6.2 దగ్గర మన చానల్ అంచును కూడా కొరికింది. చివరికి కెమెరా డబ్బాను షెడ్డు అవతలి గోడకు మార్పించాం. నాలుగు మేకులతో పోయే పని.

పుష్యం: మంచు, ఉప్పుగాలి, పండగ

తెల్లవారుజామున కాలవ మీంచి పొగమంచు దిగి ఎనిమిదింటి దాకా కదలదు. మంచుతో తరంగానికి నష్టమేమీ కనపడలేదు. నష్టం డబ్బా మూత మీద పేరుకునే నీటి పొరతో. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఈ పౌనఃపున్యాల్లో 70 చిల్లర. పల్చటి పొర కూడా బిళ్లను ఆనుకుంటే శృతి తప్పిస్తుంది. బిళ్లకూ మూతకూ మధ్య పన్నెండు మిల్లీమీటర్ల ఎడం ఉంచి, మూతకు కారు అద్దాలకు పూసే మైనం రాశాక పొర నిలవకుండా బొట్లుగా జారిపోతోంది.

డబ్బాలు సీలు చేయడానికి హార్డ్‌వేరు షాపులో దొరికే మామూలు సిలికాన్ వాడకండి. పూసినప్పుడు వెనిగరు వాసన వస్తుంది చూడండి, ఆ ఆమ్లం రాగిని పచ్చగా తినేస్తుంది. మూసిన డబ్బాలో ఇంకా త్వరగా. న్యూట్రల్ రకం అని రాసి ఉన్నదే కొనాలి, ఖరీదు కొంచెం ఎక్కువ. రాగి మీద తేమ తగలకుండా కన్ఫార్మల్ కోటింగ్ ఒక పూత. కనెక్టరు మర మీద మాత్రం పూత పడకూడదు.

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల పరీక్షలు చేయించడం ఎవరి తరమూ కాదు. కుర్రాడు కోడిపందేల బరి దగ్గర, బాబాయ్ కూడా బరి దగ్గర.

మాఘం: అజ్జరం ఇత్తడి

తెప్ప నిలకడగా ఉండదు, తిరుగుతుంది. బిళ్ల యాంటెన్నా 5వ చానల్లో చుట్టూ దాదాపు సమానంగానే ప్రసారం చేస్తుంది. 9వ చానల్‌కు వచ్చేసరికి బోర్డు అంచుల వైపు మూడు నాలుగు డీబీలు తగ్గుతుంది. గట్టు మీద యాంకర్లకు దీనితో ఇబ్బంది లేదు, మొహం చెరువు వైపు తిప్పి బిగిస్తే అయిపోయె. ట్యాగుకు మాత్రం చుట్టూ ఒకేలా ఉండేది కావాలి. అంటే గుండ్రంగా తిరిగే వస్తువు కావాలి, పలక కాదు.

డిస్కోన్ చేద్దామనుకున్నాం. శంకువు మీద చిన్న పళ్లెం, రెంటికీ మధ్య సన్నటి ఖాళీ, కేబులు శంకువు లోపలి నుంచి పైకి వచ్చి పళ్లేనికి అతుకుతుంది. 1945లో కాండోయన్ అనే ఇంజనీరుకు పేటెంటు వచ్చిన రూపం, లాడ్జ్ శంకువులకు మనవడి లాంటిది. కేబులు కిందినుంచే వస్తుంది కాబట్టి తెప్ప కర్రకు సరిగ్గా సరిపోతుంది. కొలతలు: శంకువు కోణం 60 డిగ్రీలు, ఏటవాలు 20 మిల్లీమీటర్లు, అంటే అడుగు వ్యాసం కూడా 20. మధ్యలో 3.6 మిల్లీమీటర్ల రంధ్రం, సెమీ రిజిడ్ కేబులు దూరడానికి. పైన పళ్లెం 14, ఖాళీ 1 మిల్లీమీటరు.

పెరవలి దగ్గర అజ్జరంలో ఇత్తడి పని తరతరాలుగా ఉంది. ఇత్తడి కడ్డీ నుంచి లేతు మీద తిప్పి ఇమ్మని అడిగాను. బొమ్మ చేతిలోకి తీసుకున్న పెద్దాయన చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "గంట అనుకుందామంటే నాలిక లేదు, కుంది అనుకుందామంటే వత్తికి చోటు లేదు. ఏంటండీ ఇది?" యాంటెన్నా అన్నాను. "టీవీలు మానేశారు కదండీ అందరూ!" అని నవ్వి, సాయంత్రానికి చేసిచ్చాడు. నేను అడిగిన కొలతకు పదో వంతు మిల్లీమీటరు లోపు ఉంది. బోర్డు మీద ఇస్త్రీ పెట్టెతో మేం తంటాలు పడిన నాణ్యత ఆయనకు రోజువారీ పని.

అతుకు మాత్రం జాగ్రత్త. ఇత్తడి ముద్ద వేడిని లాగేసుకుంటుంది, మామూలు సోల్డరింగ్ ఐరన్ చాలదు. శంకువును ఇనప పలక మీద పెట్టి ముందు కింద నుంచి వేడి చేసి, అప్పుడు కేబులు తొడుగుకు అతకాలి. ఎక్కువ వేడి చేస్తే కేబులు లోపలి టెఫ్లాన్ ఉబ్బి బయటికి పొడుచుకొస్తుంది, ఖాళీ మారిపోతుంది. ఎనలైజరు మీద 5 నుంచి 9 గిగాహెర్ట్జ్ దాకా మైనస్ 12 కిందే ఉంది. తిరిగే బల్ల మీద పెట్టి చుట్టూ తిప్పితే ఒక డీబీ తేడా లేదు.

మాఘం చివర: రెండు చానళ్లూ

ఇంత వెడల్పు యాంటెన్నా ఎందుకన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ దొరికింది. 9వ చానల్ తరంగదైర్ఘ్యం 3.75 సెంటీమీటర్లు. దాని గుంటలు 80 దగ్గర, 40 దగ్గర. 5వ చానల్ గుంట 65 దగ్గర. 5 మునిగేచోట 9 తేలుతుంది, 9 మునిగేచోట 5 తేలుతుంది. 65 మీటర్ల దగ్గర 9వ చానల్‌కు దూరపు నష్టం 1.8 డీబీ ఎక్కువైనా, గుంటలో లేదు కాబట్టి మొత్తం మీద 5 కన్నా దాదాపు 5 డీబీ మెరుగు.

ప్రతి కొలతనూ రెండు చానళ్ల మీదా చేయించి, ఏది బలంగా వస్తే దాన్నే తీసుకునేలా ప్రోగ్రాము మార్చాం. చెరువు అవతలి గట్టు దాకా తెప్ప వెళ్లొచ్చింది, దూరాలు ఎక్కడా తెగలేదు. యాంటెన్నా వెడల్పు కేటలాగులో గొప్ప చెప్పుకోవడానికి ఉన్న అంకె కాదని మా శిష్యురాలు రిపోర్టులో రాసుకుంది. నేను కొట్టేయలేదు.

ఫాల్గుణం: కేబులు కూడా దూరమే

యాంటెన్నా మార్చినప్పుడల్లా దూరాలు జరుగుతాయి. చిప్పు పల్స్ పంపిన క్షణానికీ అది నిజంగా గాలిలోకి వెళ్లిన క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, దాన్ని ముందే కొలిచి చిప్పుకు చెప్పాలి. సన్న కేబులులో తరంగం గాలిలో కన్నా నెమ్మది, పదింట ఏడొంతుల వేగం. 30 సెంటీమీటర్ల కేబులు కలిపితే దూరం 43 సెంటీమీటర్లు ఎక్కువ చూపించింది. టేపుతో కొలిచిన పది మీటర్ల దగ్గర నాలుగు యాంకర్లనూ, ట్యాగునూ వేరువేరుగా సరిచేశాం. 5వ చానల్‌కు ఒక అంకె, 9వ దానికి ఇంకో అంకె. రెంటికీ ఒకటే పెడితే చానల్ మారినప్పుడల్లా తెప్ప ఏడెనిమిది సెంటీమీటర్లు గెంతుతున్నట్టు కనిపిస్తుంది. కేబులు ఎంత తక్కువ వాడితే అంత మంచిది. ఈ సన్న రకంలో మీటరు పొడవుకు దాదాపు సగం శక్తి పోతుంది.

మేత దారి ఇప్పుడు బాబాయ్ ఫోనులో గీతలుగా కనిపిస్తోంది. ఈశాన్యం మూలలో వరసలు పల్చగా ఉన్నాయి. అక్కడ ఏరియేటరు తాళ్లు అడ్డం, తెప్ప చుట్టూ తిరగాలి. కుర్రాడి తప్పేం లేదు, తాళ్లు జరిపారు. పక్క చెరువు వాళ్లు అడుగుతున్నారు. అమ్మకం అంటే కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ అనుమతి విషయం వేరే చూసుకోవాలి, ఇప్పటికి ఇది కాలేజీ ప్రాజెక్టే.

కాలవలు కట్టేసే లోపు బాబాయ్ చెరువులోకి ఇంకో ఇరవై సెంటీమీటర్ల నీళ్లు పెడతాడు. తెప్ప నీళ్లతో పాటు లేస్తుంది, గట్టు మీది యాంకరు లేవదు. నీటి మీద దాని ఎత్తు మీటరున్నర నుంచి 1.3కు తగ్గుతుంది. లెక్క ప్రకారం 5వ చానల్ గుంట 65 నుంచి 56 మీటర్లకు జరగాలి. నీళ్లు ఎక్కిన రోజు అదే తాడు వెంబడి, ఒక్క 5వ చానల్ మీదే తెప్ప నడిపి చూస్తాం.